చప్పిడి గంజి

కేతకీపురానికి ఏనుగుల వరద వచ్చిన ఏడు మొదలైంది ఈ కథ.

చిత్రవేణి నదికి వరదలు కొత్త కాదు. పెళ్లివారి వరద వచ్చింది. దానికి ముందు చింతకాయల వరద వచ్చింది. కానీ రాజుగారి గజశాల గోడలు కూలి, పట్టపుటేనుగు తొండం పైకెత్తి అంగడివీధి మీదుగా ఈదుకుంటూ పోయింది మాత్రం ఆ ఒక్క ఏడే. కేతకీపురంలో ముసలివాళ్లు ఈనాటికీ ఎవరి వయసైనా అడిగితే, ఏనుగుల వరదకి ముందా వెనకా అనే చెబుతారు.

ఆ వరదలో జనం మిద్దెల మీదికెక్కి కేకలు వేస్తుంటే రాజుగారి ఏకైక కుమారుడు రత్నకేతుడు ఆగలేకపోయాడు. అప్పటికి అతనికి మీసం కూడా రాలేదు. కోట మెట్ల దగ్గర పైడన్న పడవ ఉంటే అందులోకి దూకాడు. పైడన్న చిత్రవేణి మీద పుట్టి పెరిగిన సరంగు. చేయి ఎంత పెద్దదో మాట అంత చిన్నది.

మహారాణి మోకాళ్లలోతు నీళ్లలోకి దిగి వచ్చింది. "పైడన్నా, నా బిడ్డని నీ చేతుల్లో పెడుతున్నాను. మళ్లీ తెచ్చి నాకు అప్పగించాలి," అంది.

"అలాగేనమ్మా," అన్నాడు పైడన్న. అతను ఇచ్చిన మాట అంతే.

ఆ సాయంత్రమే చిత్రవేణి గట్టు తెంచుకుంది. పుట్టినప్పటినుంచీ తూర్పుకి పారిన నది పడమరకి తిరిగి, కొండ సందు దూరి, ఎడారిలో పడింది. పైడన్న పడవ దాని నెత్తిమీద గడ్డిపోచలా కొట్టుకుపోయింది. చివరికి నీరంతా ఇసకలో ఇంకిపోయి, పడవ ఒక దిబ్బ మీద ఒరిగి నిలిచింది. చుట్టూ చూస్తే నీళ్లచుక్క లేదు. అది క్షారదేశం.

క్షారదేశంలో నది లేదు, చెరువు లేదు, పడవ అన్న మాట లేదు. ఒంటెలెక్కి వచ్చిన సైనికులు పడవ చుట్టూ తిరిగి చూసి, ఇంత పెద్ద కుడితితొట్టి ఎవరు చేశారని ఆశ్చర్యపోయారు. తొట్టిని ఒంటెలశాలకి తోలించారు. మనుషులిద్దర్నీ పట్టి తెచ్చి ధూమ్రజటి ముందు పెట్టారు.

ధూమ్రజటి మాంత్రికుడు. ఆ దేశపు రాజు పేరుకే రాజు. కిరీటం ఒకరిది, ఆజ్ఞ మరొకరిది. మాంత్రికుడి జడలు పొగలాగా కదులుతూ ఉండేవి. జడల నడుమ ఒక పుర్రె, పక్షి గూట్లో గుడ్డులాగా, కళ్లు మూసుకుని నిద్రపోతూ ఉండేది. అతని కన్ను రత్నకేతుడి వేలినుంచి జారి, ఖైదీల మధ్య నేలమీద పడి ఉన్న రాజముద్రిక మీద పడింది.

"మీలో రాజబిడ్డ ఎవడు?"

రత్నకేతుడు నోరు తెరిచేలోగా పైడన్న ముద్రిక తీసి చిటికెనవేలికి తొడిగేశాడు. అది సగం వేలు కూడా దిగలేదు. "నేనే," అన్నాడు.

"కాదు, ఆయన..." అంటూ రత్నకేతుడు ముందుకి వచ్చాడు.

పైడన్న అతని చెంప మీద ఒక్కటిచ్చాడు. "యజమాని మాట్లాడతంటే నౌకరు నోరెత్తడమేటి?"

ఆ దెబ్బకి రాజకుమారుడి చెంప మీద వేళ్లు తేలాయి. పైడన్న గుండెలో కూడా తేలాయి. కానీ మాంత్రికుడు నమ్మాడు. అలా సరంగు రాజకుమారుడయ్యాడు, రాజకుమారుడు సరంగు నౌకరయ్యాడు. ఆ వేషాలతోనే ఇద్దరూ ఉప్పుకోటలో పడ్డారు.

ఉప్పుకోటని దూరం నుంచి చూస్తే కళ్లు చెదిరేవి. పాలసముద్రాన్ని ఎవరో గడ్డకట్టించి, బురుజులుగా కోసి నిలబెట్టినట్టు ఉండేది. పొద్దున గులాబిరంగు, మధ్యాహ్నం వజ్రపు తళుకు, సాయంత్రం పావురం మెడ మీది వన్నె. కోట వెనక ఉప్పుకొండ. కోట ముందు గాజుపలకలాంటి ఉప్పు మైదానం, చూపు ఆనినంత మేర. మైదానం ఇవతలి అంచున ఒక మడుగు, దాని పేరు లవణాంబ మడుగు. చూసినవాడికి స్వర్గం. అందులో ఉన్నవాడికి సంగతి వేరు.

తెల్లారగానే ఖైదీలని కొండకి తోలేవారు. ఇద్దరికి ఒక గొలుసు. గునపంతో ఉప్పు పెళ్లలు పగలగొట్టాలి, చెక్కబల్లల మీదికి ఎత్తాలి. ఆ బల్లలకి అడుగున రెండు నున్నటి దుంగలు, నాలుగు మూలలా నాలుగు గుంజలు ఉండేవి. ఒంటెలు వాటిని మైదానం మీద జర్రున ఈడ్చుకుపోయేవి. తెలుపు చూసీ చూసీ కొందరికి చూపు పోయేది. పైడన్న పొయ్యిమసి తెచ్చి రత్నకేతుడి కళ్లకింద రాసేవాడు. అరికాళ్లు పగిలి, పగుళ్లలో ఉప్పు దూరి, మగవాళ్లు కూడా పసిపిల్లల్లా ఏడ్చేవారు. సంకెల తుప్పుపట్టి చర్మాన్ని కోసేది. ఎండాకాలం వస్తే గొలుసుకి రెండో కొసన ఉన్నవాడు చచ్చి ఉండటం మామూలు.

అన్నిటికన్నా పెద్ద శిక్ష గంజి. అది చప్పిడి గంజి.

ఉప్పుకోటలో ఉండి ఉప్పులేని గంజి తాగడమేమిటని కొత్తవాళ్లు అడిగేవారు. కొండ ఉప్పు కటికచేదు; నాలుక మీద పెడితే పేగులు తిరిగిపోతాయి. ఆ దేశపు ఆడవాళ్లు దాన్ని ఇళ్లలో కరిగించి, వడగట్టి, కాచి, మళ్లీ వడగట్టి, తినే ఉప్పుగా చేస్తారు. ఒక ఇంటి ఉప్పు మరొక ఇంటి ఉప్పులా ఉండదు. బిడ్డ పుడితే తల్లి ముందు పాలు పట్టదు, తన ఇంటి ఉప్పు పలుకు నాలుక మీద పెడుతుంది. కోడలు వచ్చినా అంతే. అలా ఇంటి ఉప్పు తిన్నవాడు ఆ ఇంటి మనిషి, ఆ దేశపు బిడ్డ. వాడి కాలికి సంకెల వెయ్యకూడదు, వాడి మీద కత్తి ఎత్తకూడదు. రాజైనా సరే. అందుకని ఖైదీలకి చప్పిడి గంజే పొయ్యాలని శాసనం. తప్పితే, ఉప్పు పెట్టినవాళ్లే ఖైదీ సంకెల తమ కాలికి వేసుకోవాలి.

ధూమ్రజటికి మరో కారణం కూడా ఉంది. లవణాంబ మడుగు ఏ తరానికో ఒకసారి ఎర్రబడుతుంది. ఆనాడు పరదేశపు రాజబిడ్డని చప్పిడి నాలుకతో బలి ఇస్తే, భూలోకంలో ఉన్న గాలులన్నీ బలి ఇచ్చినవాడి వశమవుతాయి. ఆ సంగతి అతను ఎవరి దగ్గరా దాచలేదు. ఏటా వచ్చి మడుగులో వేలు ముంచి చూసేవాడు. తెల్లగానే ఉంటే, "దొరని జాగ్రత్తగా చూడండి," అని చెప్పి వెళ్లిపోయేవాడు.

ఏటా పైడన్న ఊపిరి బిగపట్టేవాడు, ఏటా వదిలేవాడు. ఎప్పుడో ఒకప్పుడు బలి తప్పదు; అయ్యేది తను కావాలి, రాజకుమారుడు కాకూడదు. అతనికి కావలసింది అంతే.

ఖైదీలకి గంజి కాచేది తుమ్మవ్వ. కోట తలారి గుండడి తల్లి. ఎముకలగూడు, కంచుగొంతు. తుమ్మకట్టెలు తప్ప మరో కట్టె పొయ్యిలో పెట్టదు. ఆవిడ వస్తుంటే ముందు పొగవాసన వచ్చేది, తర్వాత తిట్టు వచ్చేది.

రత్నకేతుడు వేషం నిలబెట్టుకోవడానికి రోజూ సాయంత్రం అందరిముందూ పైడన్న కాళ్లు పట్టేవాడు. పైడన్నకి అది నిప్పుల మీద కూర్చున్నట్టుండేది. తుమ్మవ్వకి అది కంటగింపు.

"ఏమి దొరా, నీ కాళ్లే కాళ్లా? వాని చేతులు చూడు, పుండ్లు పడినాయి."

"నా నౌకరు, నా ఇష్టం," అనేవాడు పైడన్న, నేలచూపులు చూస్తూ.

"ఇష్టమంట. నీ దొరతనం నా కుండ దగ్గర కాదు. రేపు నీకు అడుగుమాడే."

అన్నట్టే మర్నాడు పైడన్నకి మాడు, పడవోడికి పైతేట. రాజకుమారుణ్ణి దొర పడవ నడిపే నౌకరనుకుని, వాళ్ల దగ్గర విన్న మాటతోనే ఆవిడ పడవోడా అని పిలిచేది. అతను ఆవిడ తిరగలి తిప్పేవాడు, కుండలు తోమేవాడు, ఆవిడ కూనిరాగానికి వంత పాడేవాడు. ఆవిడ పళ్లూడిన నోటితో నవ్వేది. ఎవరూ చూడకపోతే వాడి జుట్టులో చిక్కు తీసేది. గోడపక్క నుంచి వింటూ పైడన్న మాడు తింటూ లోలోపల నవ్వుకునేవాడు. తల్లికి దూరమైన బిడ్డకి చిక్కు తీసే చెయ్యి దొరికింది, అంతకన్నా ఏం కావాలి.

ఒక ఎండాకాలం రత్నకేతుడికి ఈడ్పులు పట్టుకున్నాయి. చప్పిడి తిండి తిన్న ఒళ్లు చెమటోడ్చి చెమటోడ్చి చివరికి విల్లులా వంగిపోయింది. గుండడు గొలుసు విడదీసి పైడన్న ఒక్కణ్ణే కొండకి తోలాడు. ఆ రోజు పైడన్న ఎన్ని గునపం దెబ్బలు వేశాడో, అన్నిసార్లు మహారాణి ముఖం కనిపించింది. సాయంత్రం వచ్చేసరికి పిల్లవాడు లేచి కూర్చుని ఉన్నాడు. పక్కన తుమ్మవ్వ విసనకర్ర ఊపుతోంది.

"ఎలా తగ్గింది?" అన్నాడు పైడన్న.

"నీ మాదిరి దొరలు పక్కన లేకపోతే ఎవనికైనా తగ్గుతాది," అంది తుమ్మవ్వ. పైడన్న పిల్లవాడి పక్కన కూర్చుని విసనకర్ర అందుకున్నాడు.

అలా ఏళ్లు గడిచాయి. రత్నకేతుడికి మీసం వచ్చింది, గడ్డం వచ్చింది. పైడన్న గడ్డం నెరిసింది. ఉప్పుతో పాటు వచ్చిన తెలుపేమోనని రాజకుమారుడు ఆటపట్టించేవాడు.

ఒకనాడు పొద్దున కోటబురుజు మీది కొమ్ము మోగింది. మడుగు ఎర్రబడింది.

మంకెనపూలు ఆరబోసినట్టు ఎరుపు. దాని చుట్టూ తెల్లటి ఉప్పుగట్టు. గట్టు మీద ఎర్రపట్టు పందిరి లేచింది, నడుమ వాసం ఒంటెకన్నా ఎత్తు. డప్పులు, శంఖాలు, ఒంటెల మెడగంటలు. ధూమ్రజటి పుర్రెతో, కొడవలితో దిగాడు. ఖైదీలందరినీ గట్టు మీద వరసగా నిలబెట్టారు. బలి ఒంటి మీద ఇనుము ఉండకూడదని పైడన్న సంకెల విప్పారు, నీళ్లు పోశారు, మెడలో దండ వేశారు. రత్నకేతుణ్ణి కాలి సంకెలతో పక్కనే రాతి గుంజకి కట్టేశారు, యజమాని చావు చూడాలి గదా అని.

"పైడన్నా," అన్నాడు రత్నకేతుడు గొంతు తగ్గించి. "ఇప్పుడైనా చెప్పేద్దాం."

"మీరు మాటాడకండి బాబూ. ఇన్నేళ్లు నోరు కట్టుకున్నారు. ఇంకాసేపు," అన్నాడు పైడన్న. "ఇంటికెళ్తే అమ్మగారితో చెప్పండి. తెస్తానన్నాడు, సగం దూరం తెచ్చాడని."

ఎండ నడినెత్తి మీదికి వచ్చింది. గంజి వేళ కావడంతో తుమ్మవ్వ కూడా పొగలు కక్కే కుండ నెత్తిన పెట్టుకుని వచ్చి ఆ పక్కన నిలబడింది.

ధూమ్రజటి ఎర్రనీరు దోసిట పట్టి పుర్రె మీద చల్లాడు. పుర్రె ఆవులించింది.

"ఎన్నేళ్లయిందిరా నన్ను లేపి? ఆకలి దహించుకుపోతోంది."

"తర్వాత తిందువుగాని. ముందు ఈ రాజబిడ్డని వాసన చూసి సరేనను."

పుర్రె పైడన్న మెడ దగ్గరికి వచ్చి గాలి పీల్చింది. మళ్లీ పీల్చింది. "వీడు రాజేమిట్రా? వీడి ఒళ్లంతా చేపల కంపు."

"మా దేశంలో రాజులూ చేపలు తింటారు," అన్నాడు పైడన్న.

"తినడం వేరు, నానడం వేరు. నువ్వు ముత్తాతల నుంచీ నీళ్లలో నానినవాడివి. నాకు ముక్కు లేదుగాని వాసన పోలేదు." పుర్రె గిర్రున తిరిగింది. గుంజకి కట్టేసిన రత్నకేతుడి వైపు ఆగింది. "ఇదిగో, వీడు. పట్టుపరుపు, పంచభక్ష్యాలు, ఏనుగు అంబారీ. అచ్చమైన రాజబిడ్డ."

"అబద్ధం," అన్నాడు పైడన్న.

"కాదు, నిజం," అన్నాడు రత్నకేతుడు. "నేనే. అతన్ని వదిలెయ్యండి."

పైడన్న చెయ్యి లేచింది. కానీ ఈసారి ఆ చెంప మీదికి పోలేదు. గాలిలోనే ఆగి, కిందికి పడిపోయింది. ఇన్నేళ్ల కష్టం ఒక్క పుర్రె ముక్కుతో గంగపాలైంది.

మాంత్రికుడు పళ్లు కొరుకుతూ కొడవలి ఎత్తాడు.

"తొందరపడకు," అంది పుర్రె. "వీడు చప్పిడివాడు కాదు. వీడి నాలుక మీద ఇంటి ఉప్పు ఉంది. లవణాంబ తన బిడ్డని తినదు. బలవంతాన బలి పెట్టావో, పెట్టినవాణ్ణే తింటుంది. తర్వాత నన్ను అనొద్దు."

"ఎవరి ఉప్పు?"

పుర్రె తాపీగా వాసన చూసింది. "తుమ్మకట్టెల పొగ."

గట్టు మీద జనమంతా ఒక్కవైపుకి తిరిగారు. తుమ్మవ్వ తొణకలేదు. కుండ నెత్తి మీంచి దించి, చుట్టకుదురు నేలమీద సర్ది, దాని మీద పెట్టింది.

"నేనే పెట్టినా. ఆపొద్దు పిల్లోడు ఈడ్పులతో పోతా ఉండె. చూస్తా కూసోమంటారా? కొంగు మూలన ఉండే ఉప్పు తీసి నాలుక మీద పెట్టినా. నా ఇంటోడివిరా అని చెప్పే పెట్టినా."

గుండడు తల పట్టుకున్నాడు. "అమ్మా, ఎంత పని చేస్తివే."

"నువ్వు ఊరుకోరా. నీకు తమ్ముడు కావల్లని చిన్నప్పుడు పొర్లి పొర్లి ఏడ్చినావు గదా. ఆలస్యంగా అయినా ఇచ్చినా. ముందు వాని సంకెల తియ్యి."

"తీస్తే నీ కాలికి వెయ్యాల."

"వెయ్యి. తలారివి గదా. నీ కొలువు నువ్వు చెయ్యి."

పాపం గుండడు శాసనం తప్పినవాడు కాదు. మోకాళ్ల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుంటూ, రత్నకేతుడి కాలి సంకెల విప్పి తల్లి కాలికి బిగించాడు. ఆవిడ కాలు సన్నం. సంకెల వదులుగా ఉంటే తన తలగుడ్డ చింపి లోపల మెత్త పెట్టాడు. "ఒరుసుకుంటుందా అమ్మా?" అన్నాడు. "నీ నాయన చేయించిన కడియాలకన్నా నయం," అంది ఆవిడ.

రత్నకేతుడు ఆవిడ పాదాల మీద పడ్డాడు. "అవ్వా, నేను నీతో అబద్ధం ఆడాను. నేను పడవోణ్ణి కాదు."

"తెలిసిందిలే. మరి ఇన్నాళ్లూ మాడు తినింది పడవోడా?" తుమ్మవ్వ పైడన్న వంక చూసింది. ఆ కళ్లలో తొలిసారిగా తిట్టు లేదు. "చెప్పొచ్చు గదరా మొద్దూ. నీకూ పైతేట పోసేదాన్ని గదా."

పైడన్న రెండు చేతులూ ఎత్తి ఆవిడకి దండం పెట్టాడు.

ఈలోగా ధూమ్రజటి జడలు పాముల్లా పైకి లేచాయి. తరం తర్వాత ఎర్రబడ్డ మడుగు కళ్లముందే వృథా అయిపోతోంది. "బలికి పనికిరాకపోతే మానె. ఇద్దర్నీ ఉప్పుబొమ్మలు చేసి కోటవాకిట నిలబెడతాను," అని కొడవలి పారేసి మంత్రం అందుకున్నాడు.

రత్నకేతుడి కాలివేళ్లు తెల్లబడ్డాయి. తెలుపు మడమకి పాకింది, పిక్కకి పాకింది. లాగుదామని పైడన్న అతని చెయ్యి పట్టుకుంటే, కాలు నేలలో పాతినట్టు కదల్లేదు.

అప్పుడు తుమ్మవ్వ కుండ ఎత్తింది. ఆ ఎండుపుల్లల చేతుల్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో, ఉడుకుడుకు చప్పిడి గంజి కుండతో సహా వెళ్లి మాంత్రికుడి మూతి మీద పగిలింది. మంత్రం సగంలో తెగింది. జడలన్నీ మెతుకులు. పుర్రె నాలుక లేకుండానే చప్పరించి, "దీనికి కాస్త ఉప్పు పడితే బాగుండేది," అంది.

రత్నకేతుడి కాలి మీది తెలుపు పెళ్లలుగా రాలిపోయింది.

"ఇంగ పోండిరా," అంది తుమ్మవ్వ. "నిలబడి చూస్తారేమి?"

"అవ్వని వదిలి..." అంటున్న రాజకుమారుణ్ణి పైడన్న బస్తాలాగా భుజాన వేసుకున్నాడు. గుంజకి కట్టి ఉన్న ఆవిడ సంకెల తెంచే వ్యవధి లేదు. సైనికులు బల్లేలతో వస్తున్నారు. గట్టు దిగువన ఖాళీ ఉప్పుబల్ల ఒకటి ఉంది, ఒంటెలు లేవు. పైడన్న రాజకుమారుణ్ణి దాని మీద పడేశాడు. పందిరి నడిమి వాసాన్ని రెండు చేతులా పట్టి పెరికాడు. పట్టుపందిరి వాసంతో పాటు ఊడి, సగంమంది సైనికుల నెత్తిన కూలి, తర్వాత అతని చేతికి వచ్చింది. వాసాన్ని బల్ల గుంజకి మోకుతో బిగించాడు. పట్టుగుడ్డ రెండు కొసలు దానికి కట్టాడు, మూడో కొస రత్నకేతుడి చేతికిచ్చాడు.

"వదలకండి బాబూ."

"ఏమిటిది?"

"తెరచాప."

మైదానం మీద గాలి పిల్లగాలి. బల్ల ఒక మూర జరిగింది, ఆగింది. ఇంకో మూర జరిగింది. సైనికులు నవ్వారు. ఆ నవ్వే వీళ్లిద్దర్నీ కాపాడింది. నవ్వేవాడు పరుగెత్తలేడు గదా.

ధూమ్రజటి గంజి తుడుచుకున్నాడు. "పారిపోతారా? ఈ గాలితోనే మిమ్మల్ని నేలకేసి కొడతాను," అని రెండు చేతులూ ఎత్తి, తన దగ్గరున్న గాలులన్నిటినీ ఒకేసారి వాళ్ల వీపు మీదికి వదిలాడు.

క్షారదేశంలో పుట్టినవాడు. గాలి కొడుతుందని తెలుసు, ఇళ్లు కూలుస్తుందని తెలుసు. మోస్తుందని ఎవరూ చెప్పలేదు.

ఎర్రపట్టు ఢమ్మని పొంగింది. బల్ల ఎగిరి పడింది, మళ్లీ ఎగిరింది, ఆపైన బాణంలా పోయింది. అడుగు దుంగల కింద ఉప్పు నిప్పురవ్వల్లా లేచింది. కోట బొమ్మంత అయింది, గవ్వంత అయింది, మాయమైంది. పైడన్న వెనక మూలన చతికిలబడి, ఊడిన బల్లచెక్కని చుక్కానిలా నేలకి ఆనించి తిప్పాడు. ఎన్నేళ్ల తర్వాతో అతని అరచేతిలో చుక్కాని. నోటి వెంట పడవపాట తనంతట తనే వచ్చేసింది.

ఒంటెల రౌతులు వెంటపడ్డారు. మైదానం నడుమ ఉప్పు పలచన. పైన అప్పడంలాంటి పెచ్చు, కింద అంతులేని ఊబి. పెచ్చు చిట్లిన చప్పుడు వినపడింది. రత్నకేతుడు వెనక్కి చూశాడు. బల్ల దాటిన జాడ వెంటే గీత పారుతోంది, గీత వెంట నల్లటి బురద ఉబుకుతోంది.

"పైడన్నా, కింద నేల పోతోంది."

"పోనీ. మనం దాని మీద నిలబడితే గదా."

మాంత్రికుడి కోపం పెరిగేకొద్దీ గాలి పెరిగింది, గాలి పెరిగేకొద్దీ బల్ల పరుగు పెరిగింది. మొదటి ఒంటె మోకాలిదాకా దిగబడి అరిచింది. మిగతావి మొండికేసి నిలిచిపోయాయి. పొద్దు వాలేసరికి బల్ల మైదానం అంచు చేరి, ఇసకదిబ్బకి గుద్దుకుని, ఇద్దర్నీ ఇసకలోకి విసిరేసింది.

గాలి ఆగింది. ముందు రాజకుమారుడు నవ్వాడు, తర్వాత పైడన్న నవ్వాడు. పైడన్న లేచి అతని ఒంటి మీద ఇసక దులిపాడు, చేతులూ కాళ్లూ తడిమి చూశాడు, చెంప మీద చెయ్యి వేసి అక్కడే ఉంచాడు.

"ఆనాడు గట్టిగా కొట్టేశాను బాబూ."

"ఆ దెబ్బతోనే గదా బతికాను. అది సరే. బల్ల తిప్పు."

"ఎటు?"

"తుమ్మవ్వ దగ్గరికి."

పైడన్న చెయ్యి తీసేశాడు. "ఒద్దు. అమ్మగారు మిమ్మల్ని నా చేతిలో పెట్టారు. ఆ మాట కోసమే ఇన్నేళ్లు బతికాను. ఈ దిబ్బ దాటితే మన నేల."

"ఆ సంకెల నాది. ఆవిడ కాలికి ఉంది."

"నాకు మాత్రం బాధ లేదా? ఆ ముసల్ది తిట్టినట్టు నా పెళ్లాం కూడా తిట్టలేదు. కొడుకున్నాడు గదా, చూసుకుంటాడు."

"గుండడు సంకెలకి మెత్త పెడతాడు. విప్పడు. ధూమ్రజటి వస్తే అడ్డం నిలబడతాడా?"

పైడన్న లేచి బల్ల మీది ఇసక దులపసాగాడు.

రత్నకేతుడు మోకాళ్ల చుట్టూ చేతులు వేసుకుని కూర్చున్నాడు. "నేను ఆజ్ఞ ఇవ్వను పైడన్నా. ఇన్నేళ్లు నువ్వు దొరవి, నేను నౌకర్ని. ఇంకొక్క రోజు అలాగే అనుకుందాం. నువ్వు ఎటు నడిపిస్తే అటు వస్తాను."

"పడుకోండి," అన్నాడు పైడన్న. తెరచాప విప్పి అతనికి కప్పాడు.

మర్నాడు పొద్దున పైడన్న ముందు లేచాడు. దిబ్బ ఎక్కాడు. తూర్పున, కొండ సందులోంచి, ఎండిన పాయ చివర, సన్నటి ఆకుపచ్చ గీత కనిపించింది. మొగలిపొదలు. వాటి వెనక కేతకీపురం బురుజు సూదిమొనలా మెరిసింది. పొద్దు నెత్తికెక్కేలోగా నడిచిపోవచ్చు. కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత దిబ్బ దిగాడు. బల్ల అడుగున ఇసక తవ్వి, భుజం ఆనించి నెట్టి, ముక్కు పడమరకి తిప్పాడు. గాలి పడమటినుంచే వస్తోంది, మొహం మీద కొడుతోంది. వాసాన్ని కొంచెం వెనక్కి వాల్చి బిగించాడు. రాజకుమారుడి మీది తెరచాప తీసుకుని, చిరిగిన చోట ముడేసి, గాలికి ఏటవాలుగా కట్టాడు.

"లెండి బాబూ," అన్నాడు. "ఎదురుగాలి. బల్ల కుదురుగా ఉండదు. అటుపక్క అంచు మీద బరువు కావాలి, వచ్చి కూచోండి."